తవిటమ్మగారి సీటు పరిరక్షణ

రాష్ట్ర గోనెసంచుల సరఫరా సంస్థ వారి బొబ్బిలి రోడ్డు ప్రాంతీయ కార్యాలయంలో నేను పదమూడేళ్ళుగా టైపిస్టుని. పేరు విజయభారతి. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చినా నా హోదా మాత్రం టైపిస్టుగానే ఉండిపోయింది. ఇక్కడ చెప్పబోయే ఉత్తర్వులన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవే. అక్షరం తేడా ఉండదు.

ముందు సర్క్యులర్ సంగతి చెప్పాలి. ఏదో జిల్లాలో మా సంస్థ జీపు డ్రైవరుకి పచ్చకామెర్లు వచ్చాయి. నెలన్నర సెలవు పెట్టి, పథ్యం చేసి, తిరిగొచ్చేసరికి జీపులో ఇంకో డ్రైవరున్నాడు. తాళాలడిగితే "నువ్వెవరు?" అన్నారట. అతను కోర్టుకెళ్ళాడు. జడ్జిగారు ఉద్యోగం తిరిగి ఇప్పించి ఊరుకోలేదు, మా సంస్థ పెద్దల్ని సాయంత్రం కోర్టు లేచేదాకా నిలబెట్టారు. జబ్బు చేసిన మనిషి ఉద్యోగం ఊడగొట్టకూడదనేది న్యాయమే కదా. ఆ పెద్దలకీ ఆ న్యాయం అర్థమైంది, కానీ నిలబడి నిలబడి పిక్కలు పట్టేసిన స్థితిలో అర్థమైంది. ఆ నొప్పి తగ్గకముందే అన్ని కార్యాలయాలకూ సర్క్యులర్ వచ్చింది.

"వైద్య కారణములపై సెలవులో నున్న ఉద్యోగి యొక్క ఉద్యోగమును, స్థానమును, తత్సంబంధిత సమస్త పరిస్థితులను సెలవు ప్రారంభమైన క్షణమున ఉన్నవి ఉన్నట్లుగా పరిరక్షించవలెను. ఇందుకు భంగము కలిగినచో సంబంధిత మేనేజరు వ్యక్తిగతముగా బాధ్యుడు."

మా మేనేజరు ఆకెళ్ళ సోమయాజులు గారు ఆ కాగితాన్ని నిలబడి చదివారు. "వ్యక్తిగతముగా" అన్న మాట దగ్గర కూర్చున్నారు. ఆయన మంచి మనిషి. అటెండరుని కూడా ఏనాడూ కసిరి ఎరగరు. పాముకి భయపడరు, తేలుకి భయపడరు. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చే కవరుకి మాత్రం భయపడతారు. రిటైర్మెంటుకి ఇంకా పదకొండు నెలలుంది.

ఇక తవిటమ్మగారు. పూర్తి పేరు రౌతు తవిటమ్మ, సీనియర్ అసిస్టెంటు. ధాన్యం కొనుగోలు కేంద్రాలు నడిపే సొసైటీలకి గోనెసంచులు విడుదల చేసే సీటు ఆవిడది. ఆవిడ ముద్ర పడితే వెనక గోడౌను తలుపు తెరుచుకుంటుంది. భర్త పోయాక ఇద్దరాడపిల్లల్ని ఆ కుర్చీలో కూర్చునే చదివిస్తోంది. రెండేళ్ళుగా పిత్తాశయంలో రాళ్ళు. డాక్టరు ఎప్పుడో ఆపరేషన్ అన్నారు. ఆవిడే ఒప్పుకోలేదు.

"నాను అటెల్లి వొచ్చేసరికి ఈ సీట్లో ఎవుల్ని కూకోబెడతారో ఎవుళికి తెల్సు, భారతీ? నన్ను మళ్ళీ గోడౌన్లోకి తోసీసి సంచులు లెక్కెట్టమంటారు" అనేది.

ఆ సర్క్యులర్ని మొట్టమొదట సంతోషంగా చదివింది ఆవిడే. రెండుసార్లు చదువుకుని, కళ్ళు తుడుచుకుంది. "ఎవులు రాసేరో గాని చల్లగుండాలి" అంది.

నవంబరు ఇరవై రెండో తేదీ ఉదయం పదకొండూ నలభైకి ఆవిడకి నొప్పి వచ్చింది. అప్పుడు ఆవిడ ఎదురుగా గేదెల ఎరకయ్య నిలబడి ఉన్నాడు. అతను పక్క మండలంలో ఒక సొసైటీ గుమాస్తా. ఐదువేల సంచులకి మూడు ప్రతుల్లో ఇండెంటు, అంటే సంచులు కావాలనే అర్జీ, తెచ్చాడు. రెండు ప్రతుల మీద ముద్ర పడింది. మూడో దాని మీదకి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి లేచినట్టే పొట్ట మీదకి వెళ్ళిపోయింది. మేమంతా కలిసి ఆవిడని ఆటో ఎక్కించాం. సెలవు చీటీ ఆటోలోనే రాసి, సంతకం పెట్టి, మేనేజరు గారి చేతికిచ్చింది.

ఆటో సందు తిరిగాక సోమయాజులు గారు లోపలికి వచ్చి, ఆ ఖాళీ కుర్చీ వైపు చూశారు.

"ఎవరూ కదలవద్దు" అన్నారు.

మేం కదల్లేదు.

"క్షణం ప్రారంభమైపోయింది. భారతిగారూ, పంచనామా రాసుకోండి."

రాసుకున్నాను. కుర్చీ, కొంచెం ఎడమకి తిరిగినది. ముద్ర, ఇంకు ప్యాడు పక్కన బోర్లా పడినది. గాజు గ్లాసులో సగం టీ. సొరుగులో సగం తిన్న జామకాయ. నెత్తిమీద ఫ్యాను, ఐదో నంబరు మీద తిరుగుచున్నది. ట్యూబులైటు, కొట్టుకొనుచున్నది. టైపిస్టు విజయభారతి, ముఖము పక్కకు తిప్పుకొని ఉన్నది.

"నేనెందుకండీ?" అన్నాను.

"ఆ క్షణానికి మీరిద్దరూ ఫ్యాను విషయమై ఘర్షణ పడి ఉన్నారు కదా?"

నిజమే. నాకు జలుబు. ఫ్యాను రెండు మీద పెట్టమంటే ఆవిడ ఐదు నుంచి దించనంది. పొద్దున్నుంచీ మాటల్లేవు.

"సమస్త పరిస్థితులు అన్నారండీ. ఘర్షణ కూడా పరిస్థితే."

అటెండరు నూకరాజు నీలం ప్లాస్టిక్ తాడు తెచ్చి బల్ల చుట్టూ కట్టాడు. కట్టేశాక చూస్తే తాడు లోపల ఎరకయ్య ఉన్నాడు.

"బాబూ, నానేటి సేసాను? నా మూడో కాయితం మీద ఒక్క గుద్దు గుద్దీసి ఇచ్చీండి, ఎలిపోతాను" అన్నాడు ఎరకయ్య.

మేనేజరు గారు ఎంతో సానుభూతిగా తలూపారు. "మీ ఇబ్బంది మాకు అవగతమైనది. కాని ఆ ముద్ర వేయడం తవిటమ్మగారి ఉద్యోగం. మరొకరు వేస్తే ఆమె ఉద్యోగాన్ని అపహరించినట్లవుతుంది. ఆమె వచ్చేవరకు మీరు కార్యాలయ వేళల్లో ఇక్కడే నిలబడి సహకరించగలరు. మీరు లేకపోతే పరిస్థితి మారిపోతుంది."

"కళ్ళాల్లో దాన్యం పరిసీసి ఉన్నాది బాబూ!"

"అదీ ఆ క్షణానికి ఉన్న పరిస్థితే" అన్నారు మేనేజరు గారు.

ఎరకయ్య ఆ సాయంత్రమే వెళ్ళిపోయి మర్నాడు మానేసేవాడే. కానీ రెండు ముద్రలు పడిన ఇండెంటు బల్లమీద ఉండిపోయింది. దాన్ని వదిలేసి కొత్త ఇండెంటు తెస్తే, ఒకే సొసైటీకి రెండు ఇండెంట్లు కుదరవన్నారు. మిగతా సొసైటీల వాళ్ళని పక్క జిల్లా డిపోకి పంపించేశారు. ఇక చేసేదిలేక ఎరకయ్య రోజూ పది గంటలకి క్యారేజీ పట్టుకుని వచ్చి, తాడు దాటి, తన చోట నిలబడేవాడు. నాలుగో రోజున స్టూలు అడిగాడు. నిలబడి ఉన్నవాడు కూర్చోవచ్చునా అని మేనేజరు గారు ఒక పూట ఆలోచించి, వద్దన్నారు. స్టూలుని తాడుకి అవతల పెట్టి, ఇవతల నిలబడి దాని మీదకి వాలవచ్చన్నారు.

పరిరక్షణ అంటే మొదట్లో మాకు పెద్ద కష్టమనిపించలేదు. మూడో రోజుకి టీ మీద మీగడ కట్టి, దాని మీద ఇంకేదో కట్టింది. నూకరాజు రోజూ పొద్దున్నే గ్లాసు కడిగి, కొత్త టీ సగం దాకా పోసేవాడు. జామకాయ మరింత చిక్కు. ఉత్తర్వు నేనే కొట్టాను: "ప్రతిదినము ఒక జామకాయ కొని, అందు సగభాగము తిని, మిగిలిన సగభాగమును సొరుగునందుంచు బాధ్యత అటెండరు శ్రీ నూకరాజుకు అప్పగించడమైనది." వారం తర్వాత మేనేజరు గారు సొరుగు తనిఖీ చేసి, పంటి గాట్లు తవిటమ్మగారివిలా లేవన్నారు. నూకరాజుకి ముందు పళ్ళ మధ్య సందుంది. అప్పటినుంచి వాడు ఆ సందు తగలకుండా పక్కపళ్ళతో కొరకడం సాధన చేశాడు.

ట్యూబులైటు ఒకనాడు కొట్టుకోవడం మానేసి శుభ్రంగా వెలిగింది. ఆఫీసంతా కంగారుపడింది. కరెంటు మనిషిని పిలిపించాం. అతను లైటు వంకా మా వంకా చూసి, "బాగానే ఉన్నాది గదండీ?" అన్నాడు.

"అందుకే పిలిచాం. ఇది కొట్టుకోవాలి" అన్నారు మేనేజరు గారు.

ఇరవయ్యేళ్ళ సర్వీసులో పాడుచెయ్యమని తననెవరూ పిలవలేదని చెబుతూనే, అతను స్టార్టరు వదులుచేసి వెళ్ళాడు. లైటు మళ్ళీ కొట్టుకుంది. మేం ఊపిరి పీల్చుకున్నాం.

నాకూ ఒక మెమో వచ్చింది. అదీ నేనే కొట్టుకుని, నేనే అందుకుని, అందినట్టు సంతకం చేశాను. సారాంశం ఏమిటంటే, పరిరక్షణ కాలం పూర్తయ్యేదాకా నేను తవిటమ్మగారి సీటువైపు ముఖం తిప్పకూడదు, ఆవిడ మీద అలక తగ్గకూడదు. కానీ అప్పటికే నేను తప్పు చేసి ఉన్నాను. ఆపరేషనైన మర్నాడే ఇడ్లీలు కట్టుకుని విశాఖ ఆసుపత్రికి వెళ్ళి ఆవిడని చూసొచ్చాను. మంచం మీద మనిషి సగమైపోయింది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది.

"నీకు జలుబని తెలిసీ పేను దించనేదు భారతీ. ఆ పాపమే కొట్టింది నన్ను" అంది.

ఇద్దరం ఏడ్చాం, నవ్వాం. కుట్లు నొప్పిపెడుతున్నాయని ఆవిడ నవ్వు ఆపేసింది. ఆఫీసులో మాత్రం నేను మెడ పక్కకి తిప్పుకుని, ఐదో నంబరు గాలిలో ముక్కు చీదుకుంటూ, అలిగినట్టే కూర్చున్నాను.

డిసెంబరు పద్దెనిమిదిన తవిటమ్మగారు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఆవిణ్ణి చూడగానే ఎరకయ్య స్టూలు మీంచి నిటారుగా లేచి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"వొచ్చీసేవా తల్లీ! రా, రా, ఆ ఒక్క గుద్దు..."

ఆవిడ తాడెత్తబోయింది. మేనేజరు గారు గదిలోంచి పరుగున వచ్చారు.

"ఆగండి! మీరు ముందు చేరిక పత్రం ఇవ్వాలి. పరిశీలించాలి."

పత్రం ఇచ్చింది. ఆయన ఒక చేతిలో పంచనామా, ఇంకో చేతిలో ఆసుపత్రి కాగితాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"తవిటమ్మగారూ, పిత్తాశయం?"

"తీసీసేరండి."

"ఎవరి అనుమతితో?"

"డాక్టరుగారు తీసీసేరండి."

"అది కాదమ్మా. నవంబరు ఇరవై రెండున ఈ స్థానం నుంచి సెలవుపై వెళ్ళిన ఉద్యోగినికి పిత్తాశయం ఉంది. అందులో రాళ్ళు కూడా ఉన్నట్లు సెలవు చీటీలో మీరే రాశారు. ఈనాడు చేరుతున్న ఉద్యోగినికి అవి లేవు. సర్క్యులర్ ప్రకారం ఈ స్థానాన్ని నేను వెళ్ళిన ఉద్యోగిని కోసం పరిరక్షిస్తున్నాను. వేరొకరిని ఎలా కూర్చోబెట్టగలను?"

"వేరొకరేటండీ? నానే గదా!"

"మీరే అని నాకు తెలుసు. కాగితానికి తెలియాలి."

ఆ పూటకి తవిటమ్మగారు కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి, చేతిసంచీలోంచి చిన్న సీసా తీసి ఆయన బల్లమీద పెట్టింది. ఆసుపత్రి వాళ్ళు చేతికిచ్చిన రాళ్ళు. మూడున్నాయి, ఒకటి సెనగగింజంత.

"రాళ్ళు తెచ్చేనండి. ఆ సంచి మాత్రం ఆళ్ళు పారీసేరు."

సోమయాజులు గారు సీసా పైకెత్తి వెలుతురులో చూశారు. ఆయన ముఖం నిజంగానే కొంత తేరుకుంది. "ఇవి నమోదు చేయండి భారతిగారూ. పాక్షిక ఆనుగుణ్యత లభించినది" అన్నారు. మిగతాదానికి ప్రధాన కార్యాలయాన్ని స్పష్టత కోరుతూ ఉత్తరం రాయించారు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. అక్కడివాళ్ళు ఒక ఉత్తరానికి అంత త్వరగా జవాబు రాయడం నా సర్వీసులో అదే మొదలు.

"సదరు ఉద్యోగినికి ఎట్టి ఆందోళనా వలదు. ఆమె ఉద్యోగము సంపూర్ణ భద్రతలో నున్నది. ఆమెను తిరిగి చేర్చుకొనినచో పరిరక్షణకు భంగము వాటిల్లును గాన, తదుపరి ఆదేశముల వరకు ఆమె నుండి ఆమె ఉద్యోగమును పరిరక్షించవలెను."

నేను పైకి చదివి, చివరి వాక్యం మళ్ళీ ఒకసారి చదివాను. తవిటమ్మగారు గోడకి చేరబడింది.

"అంటే ఏటండీ? ఉజ్జోగం నాదే. భద్రంగా ఉన్నాది. అందుకని నాకియ్యరు. అంతేనా?"

"అంత సూటిగా కాదుగాని, అంతే" అన్నారు మేనేజరు గారు. ఆయన తలెత్తలేదు.

"సెలవు అయిపోనాది. డ్యూటీలో లేను. మరి నానిప్పుడు ఏటి?"

ఆయన ఉత్తరాన్ని నా చేతిలోంచి తీసుకుని ఫైల్లో పెట్టారు. ఆవిడ పెద్దకూతురు అప్పటికి నర్సింగ్ మూడో ఏడులో ఉంది. ఆ రోజు ఆవిడ ఇంటికెళ్ళలేదు. ఐదింటిదాకా వరండాలో బల్లమీద కూర్చుంది. మర్నాడూ వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం ఎరకయ్య తాడు లోపల నిలబడి క్యారేజీ విప్పి, మూతలో పప్పన్నం పెట్టి, కిటికీలోంచి ఆవిడకి అందించేవాడు. ఆవిడ ఊరగాయ ముక్క అందించేది. ఒకరు ఉద్యోగంలోకి రాలేక బయట, ఒకరు పని కాక లోపల. ఇద్దరికీ మధ్య కిటికీ ఊచలున్నాయి.

ఇరవై తొమ్మిదో తేదీన రేడియోలో చెప్పారు, బంగాళాఖాతంలో వాయుగుండమని, మూడు రోజుల్లో వానలని. ఎరకయ్య ఆ రోజు క్యారేజీ విప్పలేదు. మేనేజరు గారి గది గుమ్మం దగ్గరికి, అంటే తాడు ఎంతవరకు సాగితే అంతవరకు వెళ్ళి, అక్కణ్ణించి మొరపెట్టుకున్నాడు.

"బాబూ, రెండొందల ఇళ్ళోల్ల దాన్యం. సంచులు నేక కుప్పలెట్టీసి పరదాలు కప్పినాం. వాన గాని పడితే మొలకలొచ్చీస్తాయి. గోడౌన్లో సంచులు కనిపిస్తన్నాయి, అల్లదిగో! నాను మా ఊరికి ఏ మొకమెట్టుకొని ఎల్లాలి?"

తవిటమ్మగారూ వరండాలోంచి వచ్చి నిలబడింది. "సార్, నాకు ఉజ్జోగం ఇవ్వకపోయినా పరవానేదు. ఆ ముద్ర మీరే ఏసీండి."

సోమయాజులు గారు లేచారు. ఏదో చెప్పబోయారు. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. అదీ డిసెంబరులో, గదిలో ఫ్యాను తిరుగుతుండగానే. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, "భారతిగారూ, ఈ గది కొంచెం తిరుగుతున్నట్లుగా ఉంది. నమోదు చేయండి" అన్నారు.

తవిటమ్మగారు ఒక్క అంగలో వెళ్ళి ఆయన రెక్క పట్టుకుంది.

"కూకోండి సార్. తల నొప్పా? ఎప్పట్నుంచి?"

"సర్క్యులర్ వచ్చినప్పటినుంచి" అన్నారాయన.

"రండి, పెద్దాసుపత్రికెల్దాం."

"నేను వెళ్తే మీ సీటును ఎవరు పరిరక్షిస్తారు? నేను వ్యక్తిగతంగా..."

"నా సీటు సంగతి తరవాత. ముందు మీరు బతకాలి గదండీ!"

తనని కుర్చీలోకి రానివ్వని మనిషినే భుజం పట్టి నడిపించి ఆటో ఎక్కించింది తవిటమ్మగారు. పక్కన నేను. డాక్టరు బీపీ చూసి, పట్టీ విప్పి, ఇంకో చేతికి కట్టి మళ్ళీ చూసి, "నూట తొంభై ఐదు. ఏం ఉద్యోగమండీ మీది? బాంబులు తీసే పనా?" అన్నాడు.

"గోనెసంచులు" అన్నారు సోమయాజులు గారు నీరసంగా.

నాలుగు రోజులు మంచం దిగకూడదన్నారు. ఆయన సెలవు చీటీ రాసి, టైము వేశారు. పన్నెండూ ఇరవై. నా చేతికిస్తూ, "నా ఉద్యోగం జాగ్రత్త భారతిగారూ" అన్నారు. ఆ మాటన్నప్పుడు ఆయన కళ్ళలో కనిపించిన భయం ఏదో, రెండేళ్ళు రాళ్ళు మోస్తూ తవిటమ్మగారు పడ్డ భయం కూడా అదే అయి ఉండాలి. ఆవిడ ఆయన దుప్పటి సర్ది, "మీ కుర్చీ జోలికి ఎవులూ రారు సార్. నాను మాటిస్తన్నాను" అంది.

తిరుగు ఆటోలో మార్కెట్ దాటాక ఆవిడ నా మోచెయ్యి తట్టింది.

"భారతీ, సర్క్యులర్ పెకారం సెలవులో ఉన్నోల్ల పని ఇంకోలు చెయ్యకూడదు గదా?"

"చెయ్యకూడదు."

"చేస్తే ఆల్ల ఉజ్జోగం లాగీసినట్టే గదా?"

"అంతే మరి."

"నన్ను సీట్లో కూకోవద్దని ఆపడం ఎవుళి పని?"

"మేనేజరు గారిది."

"ఆయనెక్కడున్నారు?"

నేను ఆవిడ వైపు తిరిగి చూశాను. నెల రోజులుగా పక్కకే తిరిగి ఉన్న మెడ పటుక్కుమంది.

ఆఫీసుకి రాగానే ముందు చెయ్యాల్సింది చేశాం. మేనేజరు గారి గదికి పంచనామా రాశాను. కుర్చీ, వెనక్కి జరిపినది. కళ్ళజోడు, ముడవనిది. మంచినీళ్ళ గ్లాసు, నిండుగా. నూకరాజు చేత తాడు కట్టించాం. ఆ పని అయ్యాక తవిటమ్మగారు కొంగు దోపుకుని తన బల్ల దగ్గరికి నడిచింది. నూకరాజు అడ్డం వచ్చాడు. పాపం, వాడు నెల రోజులు ఆ తాడుని కన్నబిడ్డలా చూసుకున్నాడు.

"అమ్మా, వొద్దమ్మా. మేనేజరుబాబు ఒప్పుకోరు."

"ఒప్పుకోకపోడం ఆయన పని గదరా నూకరాజూ?"

"ఔనమ్మా."

"ఆయన సెలవులో ఉన్నారు. ఆయన పని నువ్వు చేస్తావా? ఆయన ఉజ్జోగం నువ్వు లాగీసుకుంటావా?"

నూకరాజు హడలిపోయాడు. "అమ్మమ్మ! నానెందుకు లాగీసుకుంతానమ్మా!" అంటూ తనే తాడు పైకెత్తి పట్టుకున్నాడు.

తవిటమ్మగారు కుర్చీలో కూర్చుంది. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, ఒక్క నిమిషం అలాగే ఉంది. ఇంకు ప్యాడు ఎండి అట్టకట్టి ఉంది. మంచినీళ్ళు చిలకరించి, ముద్రని దాని మీద నాలుగుసార్లు రుద్దింది. ఎరకయ్య తన చోట తను నిలబడ్డాడు. మేం చుట్టూ చేరాం.

ముద్ర పడింది. కొంచెం పాలిపోయిన ముద్ర, కానీ అక్షరాలు కనిపిస్తున్నాయి.

ఎరకయ్య కాగితం అందుకుని తాడు దాటి బయటికి నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి చూశాడు. "ఎల్లొచ్చా అమ్మా?" అన్నాడు. ముప్పై ఎనిమిది రోజులు అక్కడే ఉంచేశారు కదా, తనంతట తను వెళ్ళిపోవచ్చని నమ్మకం కుదరలేదు.

"ఎల్లు నాయనా, పరిగెట్టు!"

ఆ సాయంత్రానికి రెండు లారీలు లోడయ్యాయి. నూకరాజు కూడా సంచుల కట్టలు మోశాడు. మర్నాడంతా ఎరకయ్య ఊళ్ళో ఆడా మగా కళ్ళాల్లోనే ఉన్నారు. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం మూడింటికి వాన మొదలైంది. రెండింటికే ఎరకయ్య ఫోన్ చేశాడు. కేకలూ నవ్వులూ అన్నీ కలిసి వినిపిస్తున్నాయి. "ఆకరి బస్తా కుట్టీసాం తల్లీ!" అన్నది మాత్రం తెలిసింది. తవిటమ్మగారు ఫోన్ పెట్టేసి, చెంగుతో ముఖం తుడుచుకుని, తర్వాతి ఇండెంటు అందుకుంది.

నాలుగు రోజులకి సోమయాజులు గారు తిరిగొచ్చారు. ముఖం తేటపడింది. గుమ్మంలోనే తవిటమ్మగారు సీట్లో ఉండడం చూసి ఆగిపోయారు. నేను వెంటనే ఒక కాగితం ఆయన చేతిలో పెట్టాను. "మేనేజరు గారి సెలవు కాలమందు వారి విధులను ఎవరూ నిర్వర్తించలేదనియు, వారి ఉద్యోగమునకు ఎట్టి భంగమును కలుగలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." ఆఫీసంతా సంతకాలు చేసింది.

ఆయన మూడుసార్లు చదివారు.

"మీరెప్పుడు చేరారు?" అన్నారు తవిటమ్మగారితో.

"మీరు సెలవులోకి ఎల్లేకండి."

"నన్ను అడగకుండా?"

"సెలవులో ఉన్నోలిని అడిగితే, మీ చేత పని చేయించినట్టవుద్ది గదండీ. మీ సెలవుకే బంగం."

సోమయాజులు గారు చేతిలోని కాగితం మళ్ళీ చూసుకున్నారు. ఆవిడ మీద చర్య తీసుకోవాలంటే తన ఉద్యోగానికి భంగం కలిగిందని ఆయనే రాసివ్వాలి. కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. మళ్ళీ బీపీయేమోనని నేను కుర్చీ లాగాను. కాదు, నవ్వుతున్నారు. ఆయన నవ్వడం మేమెవరం చూసి ఉండలేదు కాబట్టి పోల్చుకోవడానికి టైము పట్టింది. నవ్వు అయ్యాక ఆవిడ చేరిక పత్రం తెప్పించుకుని డిసెంబరు పద్దెనిమిది తేదీతోనే సంతకం చేశారు.

జనవరి చివర్లో ప్రధాన కార్యాలయం నుంచి మళ్ళీ కవరు వచ్చింది. ఉద్యోగుల స్థానాల్ని రాష్ట్రంలోకెల్లా సమర్థంగా పరిరక్షించిన కార్యాలయం మాదేనట. మేనేజరు గారు వచ్చి మిగతా మేనేజర్లకి మూడు రోజులు శిక్షణ ఇవ్వాలట. ఆయన నిలబడే చదివారు, ఎక్కడా కూర్చోలేదు.

"ఏం జవాబు రాయమంటారండీ?" అన్నాను.

"'అందినది' అని రాయండి. అంతకుమించి వద్దు."

ఆ వారంలోనే నూకరాజు ఆయన గది గుమ్మంలో నిలబడి తలుపు చెక్క గీకడం మొదలెట్టాడు. ఎంతకీ లోపలికి రాడు, వెళ్ళడు. ఏమిటని తవిటమ్మగారు గద్దిస్తే బయటపడ్డాడు. హెర్నియా అట. డాక్టరు ఆపరేషన్ అన్నాడట. రెండు వారాలు బరువు పట్టకూడదట. చెప్పడానికి భయమేసిందన్నాడు. రోజూ పొద్దున్నే ఆఫీసు గేటు తాళం తీసేది వాడే.

"నా గేటు సుట్టూ కూడా తాడు కట్టీస్తారా బాబూ?" అనడిగాడు.

మేనేజరు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"వెళ్ళి చేయించుకో. తాళాలు ఇలా ఇచ్చేయి. నువ్వు వచ్చేదాకా గేటు నేను తీస్తాను."

రెండు వారాలూ ఆయనే తీశారు. తొమ్మిదిన్నరకి స్కూటరు మీద వచ్చి, తాళంచెవుల గుత్తి చేతిలో పట్టుకుని, ఏది దేనిదో తెలియక ఒక్కొక్కటీ పెట్టి చూసేవారు. మేం బయట నిలబడి, "అది కాదండీ, ఆ పక్కది" అని చెబుతుండేవాళ్ళం. ఒకరోజు లోపలినుంచి తాళం వేసుకుని తనే బయటపడలేకపోయారు. పదిహేనో రోజున నూకరాజు నడుం మీద చెయ్యేసుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. సోమయాజులు గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. వాణ్ణి చూడగానే ఎదురెళ్ళి, తాళాలగుత్తి వాడి చేతిలో పెట్టి, రెండు చేతులతో ఆ గుప్పిట మూశారు.

"తీసుకో నాయనా. దీనికంటే నా పనే సుళువు" అన్నారు.